ఊరి చాటింపు నుంచి సొంత బోర్డు దాకా

(వీధి వ్యాపారుల సమావేశంలో ఒక టిఫిన్ బండి యజమానురాలు చేసిన ప్రసంగ పాఠం)



మైకు ముందు నిలబడటం నాకు అలవాటు లేదు. ఇరవై ఏళ్లుగా బండి ముందు నిలబడటమే అలవాటు. ఈ సభ పెట్టిన అన్నలు వచ్చి, "చట్టం సంగతి లాయర్లు చెబుతారు, నీ బోర్డు సంగతి నువ్వు చెప్పక్కా" అన్నారు. సరే అన్నాను. కానీ నా బోర్డు సంగతి చెప్పబోతే మధ్యలో చట్టం వస్తుంది. చట్టం చెప్పబోతే మా నాన్న వస్తాడు. కాబట్టి నాన్న దగ్గరే మొదలుపెడతాను.

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. నాన్న ఊరికి డప్పు కొట్టేవాడు, చాటింపు వేసేవాడు. శిస్తు కట్టాలన్నా, సూదులేసే వాళ్లు వస్తున్నారన్నా, కాలువకు నీళ్లు వదులుతున్నారన్నా, ఎవరి గేదె తప్పిపోయినా ముందు మా గూడేనికి కబురొచ్చేది. నాన్న డప్పు సెగ పెట్టుకుని బయలుదేరేవాడు. ప్రతి బజారు మొదట్లో నిలబడి నాలుగు దెబ్బలు వేసి, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా" అని ఎత్తుకునేవాడు. ఊరంతా చెవి పెట్టి వినేది. దానికి కూలి లేదు. కోతలయ్యాక కళ్లంలో నాలుగు చేటల గింజలు పోసేవాళ్లు. అదీ వాళ్ల దయ అన్నట్టుగా.

ఆ ఊళ్లో మా నాన్న గొంతు తెలియని ఇల్లు లేదు. అదే మా నాన్నకు ఒక గేదె ఉండేది. దాని పాలు ఊళ్లో ఒక్కరు కూడా పోయించుకోలేదు. అమ్మడం తప్పని ఏ కాగితం మీదా లేదు. పంచాయతీ తీర్మానమూ లేదు. అయినా అందరికీ తెలుసు. ఊరి సంగతులన్నీ చాటిన మనిషి "మా ఇంట్లో పాలున్నాయి" అని మాత్రం చాటలేకపోయాడు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. వీధిలో వ్యాపారం చేసుకునే మనకు రూళ్లంటే భయం. బోర్డు పెడితే రూలు, కేక వేస్తే రూలు, బండి ఆపితే రూలు. కానీ నా అనుభవంలో మనల్ని ఎక్కువ దెబ్బ తీసింది కాగితం మీద రాసిన రూలు కాదు. రాయని రూలు. రాసిన రూలును చదవొచ్చు, ప్రశ్నించొచ్చు, మార్చమని అడగొచ్చు. రాయని దాన్ని ఏం చేస్తాం?

నేను 2004లో ఈ పట్టణానికి వచ్చి టిఫిన్ బండి పెట్టాను. ఇడ్లీ, గారె, పుణుగులు. పదిహేడేళ్లు నా బండికి పేరు లేదు. "మూల మీద అక్క బండి" అనేవాళ్లు. కరోనా తర్వాత స్వనిధి పథకంలో పది వేల రుణం వచ్చింది. అది తీర్చాక రెండోసారి ఇరవై వేలు వచ్చింది. అందులోంచి పద్దెనిమిది వందలు పెట్టి ఒక బోర్డు రాయించాను. నీలం రంగు రేకు, తెల్ల అక్షరాలు. "జై భీమ్ టిఫిన్స్". మూలన బాబాసాహెబ్ బొమ్మ. రెండు కాళ్ల బోర్డు, ఫుట్‌పాత్ మీద నిలబెట్టేది.

బోర్డు పెట్టిన మొదటి వారంలోనే ఒక రిటైర్డు మాస్టారు, ఏళ్ల తరబడి నా దగ్గర తిన్న మనిషి, ప్లేటు చేతిలో పట్టుకుని బోర్డు వంక చూసి, "ఇన్నాళ్లూ చెప్పలేదేమ్మా" అన్నారు. ఏం చెప్పలేదో ఆయనా అనలేదు, నేనూ అడగలేదు. తర్వాత ఆయన రాలేదు. అలా ఏడెనిమిది మంది మానేశారు. ఇంకొకాయన మంచి మనసుతోనే సలహా ఇచ్చాడు. "ఇడ్లీ బ్రహ్మాండంగా ఉంటుందక్కా, ఆ బొమ్మ తీసేసి ఏ దేవుడి పేరో పెట్టుకో, బేరం పెరుగుతుంది" అన్నాడు. రెండు నెలలు బేరం తగ్గింది. తర్వాత హాస్టలు పిల్లలు రావడం మొదలుపెట్టారు, ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లు వచ్చారు, బొమ్మను పట్టించుకోకుండా రుచి కోసం వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. నిలదొక్కుకున్నాను.

బాబాసాహెబ్‌కే తప్పలేదు ఇది. అమెరికాలో, లండన్‌లో చదివి వచ్చాక ఆయన బొంబాయిలో షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. సలహా బాగున్నంత కాలం జనం వచ్చారు. ఇచ్చేది అంటరాని కులం మనిషి అని తెలిశాక రావడం మానేశారు. సంస్థ మూసేయాల్సి వచ్చింది. అంత చదివిన మనిషి సలహాకే కులం అంటుకుంటే, నా ఇడ్లీకి అంటుకోదా?

సరే, అసలు సంగతికి వస్తాను. ఒక రోజు పొద్దున ఎనిమిదింటికి, బేరం మంచి జోరు మీద ఉండగా, మున్సిపాలిటీ బండి వచ్చి ఆగింది. "అనుమతి లేని ప్రకటన బోర్డు" అన్నారు. బోర్డు ఎత్తి బండిలో పడేశారు. దాంతో ఆగలేదు. పొయ్యి, పిండి గిన్నె కూడా ఎక్కించారు. ఎందుకని అడిగితే "ఆఫీసుకు రామ్మా" అన్నారు. మూడు రోజులు తిప్పారు. నాలుగో రోజు గిన్నె ఇచ్చారు. పిండి పులిసి బూజు పట్టి ఉంది. బోర్డు ఇవ్వలేదు.

మా వరసలో మొత్తం అయిదు బండ్లు. అయిదింటికీ బోర్డులున్నాయి. ఒకదానికి అమ్మవారి పేరు, ఒకదానికి వెంకన్న పేరు, ఇంకొకదానికి కూల్‌డ్రింకు కంపెనీ ఇచ్చిన బోర్డు. ఎత్తుకుపోయింది నాది ఒక్కటే. నా కులం చూసి తీశారని ఏ అధికారీ నోటితో అనలేదు. అనరు కూడా. అందుకే అది రాయని రూలు అంటున్నాను.

ఇక్కడ మీకు ఒక నిజం ఒప్పుకోవాలి. దాచిపెడితే ఈ మాటలకు విలువ ఉండదు. ఆ బోర్డు పెట్టిన చోటు తప్పే. వాళ్లు ఎత్తుకుపోవడానికి నెల ముందు, చూపు లేని ఒక పెద్దాయన కర్ర తాటించుకుంటూ ఫుట్‌పాత్ మీద వస్తూ నా బోర్డుకు కొట్టుకుని పడ్డారు. మోకాలు చీరుకుపోయింది. నేనే పసుపు పెట్టి కట్టు కట్టాను. "ఫర్లేదమ్మా" అన్నారాయన. ఆయన ఫర్లేదన్నా నాకు ఫర్లేదు కాదు. ఫుట్‌పాత్ మీద నడిచేది ఎవరు? కారున్నవాడు నడవడు. పనికి పోయే ఆడవాళ్లు, బడికి పోయే పిల్లలు, ముసలివాళ్లు, అంటే మనవాళ్లే నడుస్తారు. దారికి అడ్డం పెట్టొద్దనే రూలు మనల్ని కాపాడే రూలు కూడా. కాబట్టి రూలు తప్పని నేను అనను. నా ఒక్కదానికే వర్తించిన పద్ధతి తప్పు. జాబితా రాయకుండా గిన్నె ఎత్తుకుపోవడం తప్పు.

జాబితా అనే మాట నాకు అప్పటికి తెలియదు. మా యూనియన్‌కు వచ్చే లా చదివే కుర్రాడు ఒకడు చట్టం కాపీ తెచ్చి నా ముందు పెట్టి, "అత్తా, ఇది చదువు" అన్నాడు. వీధి వ్యాపారుల చట్టం, 2014. ఆ ఏడాది మే 1 నుంచి అమల్లో ఉంది. నాకు వచ్చిన చదువుతో నాలుగు రాత్రులు కూర్చుని చదివాను. మీరూ చదవాలి. అందులో నాకు పనికొచ్చినవి చెబుతాను.

ఒకటి. ప్రతి అయిదేళ్లకు ఒకసారైనా వీధి వ్యాపారుల సర్వే జరగాలి. ఆ సర్వే పూర్తయి, అందరికీ విక్రయ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. ఇది మూడో సెక్షన్. రెండు. తొలగించాల్సి వచ్చినా, ఇంకో చోటికి మార్చాల్సి వచ్చినా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఇది పద్దెనిమిదో సెక్షన్. మూడు. నోటీసు గడువు దాటినా ఖాళీ చేయకపోతే సరుకు స్వాధీనం చేసుకోవచ్చు. కానీ ఏమేం తీసుకున్నారో జాబితా రాసి, సంతకం పెట్టి, ఒక కాపీ వ్యాపారికి ఇవ్వాలి. వ్యాపారి అడిగితే పాడయ్యే సరుకు అదే రోజు, పాడవని సరుకు రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. ఇది పంతొమ్మిదో సెక్షన్. నా పిండి పాడయ్యే సరుకు కాదా? నాలుగు. ధ్రువపత్రం షరతుల ప్రకారం వ్యాపారం చేసుకుంటున్న మనిషిని పోలీసులు గానీ ఇంకెవరు గానీ అడ్డుకోకూడదు. ఇది ఇరవై ఏడో సెక్షన్.

ఇవన్నీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. 1985లో బొంబాయి హాకర్ల కేసు, 1989లో ఢిల్లీకి చెందిన సోదాన్ సింగ్ కేసు, 2010లో గైందా రామ్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. బండి మీద, గంపలో సరుకు అమ్ముకునే వాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల మెట్లెక్కారు. రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన వృత్తి, వ్యాపార స్వేచ్ఛ వీధిలో అమ్ముకునే వాళ్లకూ ఉందని సోదాన్ సింగ్ కేసులో కోర్టు చెప్పింది. అదే తీర్పులో ఇంకో మాట కూడా చెప్పింది. ఫలానా చోటే నాది, అక్కడి నుంచి కదలనని అనే హక్కు మాత్రం లేదంది. రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. మొదటిది మాత్రమే చెప్పే నాయకుడినీ నమ్మొద్దు, రెండోది మాత్రమే చెప్పే అధికారినీ నమ్మొద్దు.

చట్టం చదివాక ఒక పేజీ జిరాక్సు తీసుకుని ఆఫీసుకు వెళ్లాను. "సార్, నా సరుకు జాబితా కావాలి" అన్నాను. "జాబితా ఏంటమ్మా?" అన్నారు. జిరాక్సు ముందు పెట్టాను. ఆయన చదివారు. ఇంకొకరిని పిలిచి చదివించారు. అప్పటిదాకా నిలబెట్టి మాట్లాడినాయన "కూర్చోండి" అన్నారు. అదే రోజు అర్జీ తీసుకుని, తేదీ వేసి, స్టాంపు గుద్ది రసీదు ఇచ్చారు. అర్జీలో నేను ఒకే ఒక్క ప్రశ్న రాశాను. మా వరసలో బోర్డుల విషయంలో అమలు చేస్తున్న రూలు ఏది? అది అయిదు బండ్లకూ ఒకటేనా?

పది రోజుల్లో నా బోర్డు తిరిగొచ్చింది. నేను గెలిచానని మీరు చప్పట్లు కొట్టకండి, అసలు కష్టం తర్వాతే మొదలైంది. నా ప్రశ్నకు జవాబుగా వాళ్లు మిగతా నాలుగు బండ్లకూ బోర్డులు తీయమని నోటీసులు ఇచ్చారు. పక్క బండి అన్న నా మీదికొచ్చి, "నీ బోర్డు కోసం మా కడుపు కొట్టావు కదమ్మా" అన్నాడు. ఆయన బీసీ, మిర్చి బజ్జీలు వేస్తాడు, నలుగురు ఆడపిల్లలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందరికీ ఒకే రూలు కావాలని అడిగాను. ఒకే రూలంటే అందరినీ ఒకేలా కొట్టడం అని వాళ్లు అర్థం చెప్పారు. మనం అడిగేటప్పుడే జాగ్రత్తగా అడగాలని అప్పుడు తెలిసింది.

మర్నాడు అయిదుగురం కూర్చున్నాం. ఎవరి కులం ఏమిటన్నది పక్కన పెట్టి టేపు తెచ్చుకుని కొలుచుకున్నాం. బోర్డు ఫుట్‌పాత్ మీద ఉండకూడదు, బండి మీదే ఉండాలి. రెండడుగుల ఎత్తు, మూడడుగుల పొడవు దాటకూడదు. బండి అంచు దాటి బయటికి రాకూడదు. మనిషి తలకు తగలకూడదు. కరెంటు స్తంభానికి, చెట్టుకు కట్టకూడదు. ఈ కొలతలతో అయిదుగురం సంతకాలు చేసి పట్టణ విక్రయ కమిటీకి అర్జీ పెట్టాం. ఇంత మాత్రం బోర్డుకు ఫీజు లేకుండా అనుమతి ఇవ్వండి, ఆ అనుమతిని మా ధ్రువపత్రంలోనే రాయండి అని అడిగాం. ఇది జరిగి ఏడాదిన్నర అయింది. జవాబు రాలేదు. కమిటీ సమావేశమే జరగలేదట.

ఆ కమిటీ గురించి మీలో ఎంతమందికి తెలుసు? చట్టం ప్రకారం అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్లను మనమే ఎన్నుకోవాలి. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ వ్యాపారులకు, వికలాంగులకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. ఎక్కడ అమ్మొచ్చు, ఎక్కడ అమ్మకూడదు అనే ప్రణాళికలో ఆ కమిటీ మాట ఉండాలి. అంటే రూలు రాసే బల్ల దగ్గర మనకు కుర్చీ ఉంది. మనం ఆ కుర్చీలో లేము. ఖాళీ కుర్చీ ముందు రూలు ఎవరికి అనుకూలంగా రాస్తారో మీకు తెలియనిది కాదు.

మహాడ్ గురించి ఇక్కడ చాలామందికి తెలుసు. చవదార్ చెరువు నీళ్లు. కానీ మహాడ్‌కు ముందు జరిగింది తక్కువమంది చెప్పుకుంటారు. 1923లోనే బొంబాయి శాసనమండలిలో బోలే గారి తీర్మానం పాసైంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చెరువులు, బావులు, బడులు అందరివీ అని. మహాడ్ మున్సిపాలిటీ 1924లో తమ చెరువు కూడా అందరిదేనని తీర్మానించింది. కాగితం మీద అయిపోయింది. మూడేళ్లు ఒక్క అంటరాని మనిషి కూడా ఆ నీళ్లు తాగలేకపోయాడు. రాసిన రూలు మన వైపు ఉంది, రాయని రూలు అడ్డంగా ఉంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి దోసిలి పట్టి నీళ్లు తాగారు. ఆ రోజు వాళ్లు కొత్త హక్కు అడగలేదు. మున్సిపాలిటీ అప్పటికే రాసిపెట్టిన దాన్ని వాడుకున్నారు. 2014 చట్టం కూడా నాకు అలాంటి తీర్మానంలాగే కనిపిస్తుంది. చెరువు గట్టు దాకా మనమే నడవాలి.

బోర్డుల గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి కేరళలో వైకోం సంగతి కూడా చెబుతాను. అక్కడ గుడి చుట్టూ ఉన్న దారుల్లో బోర్డులు ఉండేవి. అవర్ణులు ఇక్కడి నుంచి ముందుకు రాకూడదని. గుడి లోపలికి కాదు, దారిలోకే. 1924 మార్చి 30న మొదలైన సత్యాగ్రహం ఆ బోర్డులు దాటి నడవడానికే. 1925 నవంబరు దాకా సాగింది. అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1893లో, అయ్యంకాళి ఎద్దుల బండి ఎక్కి ఆ రాజ్యపు దారుల మీద తోలుకుంటూ వెళ్లాడు. మన తాతల కాలంలో వీధిలోని బోర్డు మనల్ని "రావద్దు" అన్నది. ఈ రోజు మనం రాయించుకున్న బోర్డు ఎవరినైనా "రండి, తినండి" అంటోంది. అది నాకు ఇడ్లీ ప్రకటన ఒక్కటే కాదు. అందుకే పద్దెనిమిది వందల బోర్డు కోసం ఏడాదిన్నరగా తిరుగుతున్నాను.

రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు చూడండి. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లు, వీటిలో దేని దగ్గరా కులం పేరుతో ఎవరినీ ఆపకూడదు. దుకాణం అనే మాటకు విశాలమైన అర్థం ఉందని, సేవ అందించే చోటన్నీ అందులోకి వస్తాయని బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో వివరించారు. అది కొనే వాళ్ల హక్కు. అమ్మే వాళ్ల హక్కు కూడా చట్టంలో ఉంది. కులం పేరుతో ఎస్సీ, ఎస్టీలను వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డుకోవడం 2016 జనవరి నుంచి అట్రాసిటీ చట్టం కింద నేరం. ఆర్థిక బహిష్కరణ విధించినా, విధిస్తామని బెదిరించినా నేరమే. అయితే ఒక మాట. నా మాస్టారు రావడం మానేస్తే అది కేసు కాదు. మనిషి ఎక్కడ తినాలన్నది అతని ఇష్టం. నలుగురిని పోగు చేసి "అక్కడ తినొద్దు" అని కట్టుబాటు పెడితే అది కేసు. ఈ తేడా తెలిసి ఉండాలి.

పేరు పెట్టుకోవడం ఒక హక్కు అయితే, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు అనేది ఇంకో హక్కు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కాంవడ్ యాత్ర దారిలో తిండి అమ్మే ప్రతి దుకాణం, ప్రతి బండి యజమాని పేరు రాసి పెట్టాలని పోలీసులు చెప్పారు. పేరు చూస్తే మతం తెలుస్తుంది, ఇంటిపేరు చూస్తే కులం తెలుస్తుంది. అదే నెల 22న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. ఏ రకం తిండి అమ్ముతున్నారో రాయమనొచ్చు, యజమాని పేరు, పనివాళ్ల పేర్లు రాయమని బలవంతం చేయకూడదు అని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మరుసటి ఏడాది క్యూఆర్ కోడ్‌ల గొడవ వచ్చినప్పుడు చట్టం అడిగే లైసెన్సు, రిజిస్ట్రేషన్ కాగితాలు పెడితే చాలంది. తిండి శుభ్రంగా ఉందా లేదా అన్నది జనానికి అవసరం. ఆ కాగితం పెడదాం. చేసింది ఎవరి చెయ్యి అన్నది వేరే లెక్క. నేను జై భీమ్ అని రాసుకున్నానంటే అది నా ఇష్టం. నా పక్క బండి ఆయన ఏమీ రాసుకోకపోతే అది ఆయన ఇష్టం.

ఇప్పుడు కొత్తగా బండి పెట్టే పిల్లల కోసం నాలుగు జాగ్రత్తలు.

ఫ్లెక్సీ వేయిస్తే మందం అడగండి. 100 మైక్రాన్ల కంటే పల్చటి పీవీసీ బ్యానర్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. ప్రింటింగు షాపువాడు చెప్పడు, పట్టుకుంటే మనల్నే పట్టుకుంటారు. నా మాట వింటే రేకు మీద రాయించండి. పదేళ్లు ఉంటుంది, రాసే ఆర్టిస్టుకూ పని దొరుకుతుంది.

మైకు పెట్టాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు అలా చెబుతున్నాయి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా వీధిలో మైకే వద్దు. నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించిన ఆసుపత్రులు, బడుల దగ్గర జనాన్ని పోగు చేయడానికి డప్పు కొట్టినా తప్పే. ఫోన్‌లో గొంతు రికార్డు చేసి చిన్న స్పీకరులో తిప్పే వాళ్లకు ఇది తెలియడం లేదు. మామూలుగా నోటితో కేక వేయడానికి ఆ అనుమతి అక్కర్లేదు.

ఊరి గోడల మీద, కరెంటు స్తంభాల మీద పోస్టర్లు అంటించకండి. బహిరంగ స్థలాలను పాడుచేయకూడదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం చేశారు. ఇంటి గోడ అయితే ఇంటివాళ్లను అడిగి రాయించుకోండి. బోర్డు మీద జాతీయ జెండా, మూడు సింహాల గుర్తు వేయకండి. వ్యాపారానికి వాడకూడదని 1950 నుంచే చట్టం ఉంది.

నాలుగోది కూల్‌డ్రింకు కంపెనీల గొడుగు, బోర్డు. ఉచితంగా ఇస్తారని తీసుకుంటాం. దాని మీద కంపెనీ పేరు మూడడుగులు, మన పేరు ముప్పావు అడుగు. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి ప్రకటన అంటే, ఆ ప్రకటన కంపెనీది, నోటీసు మనకి. నాన్న డప్పు గుర్తొస్తుంది నాకు. గొంతు మనది, కబురు ఇంకొకరిది.

ఇవన్నీ మనం పాటిద్దాం. పాటిస్తూనే అడుగుదాం. 2024 మే 13న ముంబై ఘాట్‌కోపర్‌లో గాలివానకు పెద్ద హోర్డింగు కూలి పెట్రోలు బంకు మీద పడింది. 17 మంది చనిపోయారు. 40 అడుగులకు మించకూడని చోట అది దాదాపు 120 అడుగులు ఉంది. అంతకు ముందు 2019లో చెన్నైలో ఒక నాయకుడి ఇంటి పెళ్లికి కట్టిన ఫ్లెక్సీ మీద పడి, స్కూటర్ మీద వెళ్తున్న అమ్మాయి లారీ కింద పడి చనిపోయింది. వాటిని కొలిచే టేపు ఎవరి దగ్గరా లేకపోయింది. నా రెండు కాళ్ల బోర్డు మాత్రం పొద్దున ఎనిమిదింటికే కనబడింది. చిన్నవాడి బోర్డుకు కొలత ఎంత, ఫీజు ఎంత, తప్పుచేస్తే జరిమానా ఎంత అన్నది రాసి, మున్సిపాలిటీ గోడ మీద తెలుగులో పెట్టండి. పెద్దవాడిదీ పక్కనే పెట్టండి. మేం అడిగేది ఇంతే.

ఈ సభలో ఉన్నవాళ్లు ఇంటికి వెళ్లి మూడు పనులు చేయండి. సర్వేలో మీ పేరు ఉందో లేదో మెప్మా ఆఫీసులో అడగండి. లేకపోతే అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. విక్రయ కమిటీ ఎన్నిక ఎప్పుడని అడుగుతూ పదిమంది కలిసి సంతకాలు పెట్టండి, ఆ పదిమందిలో వేరే కులం వాళ్లూ ఉండేలా చూడండి. మీ సామాను ఎవరైనా ఎత్తితే అరవకండి, కొట్లాడకండి. "జాబితా రాసివ్వండి" అనండి. ఆ రెండు మాటలు నేను ఇరవై ఏళ్లు ఆలస్యంగా నేర్చుకున్నాను. మీరు ఇవాళే నేర్చుకోండి.

నాన్న పోయి పన్నెండేళ్లయింది. ఆయన డప్పు మా ఇంట్లో గోడకు ఉంది. ఎవరికీ వెట్టి చాటింపు వేయదు ఇప్పుడది. ఏప్రిల్ 14కి మా అబ్బాయి దించి కొడతాడు, అంతే.

రేపు పొద్దున ఆరింటికి బండి పెడతాను. బోర్డు బండి మీదే ఉంది, రెండడుగులు బై మూడడుగులు, ఎవరికీ తగలదు. అనుమతి కాగితం ఇంకా రాలేదు. వచ్చేదాకా నెలకొక అర్జీ పెడుతున్నాను, పద్దెనిమిది రసీదులు ఉన్నాయి. మైకు లేదు. నోటితోనే పిలుస్తాను. వేడి వేడి ఇడ్లీ అని. వచ్చేవాళ్లు వస్తారు.

జై భీమ్.